మర చుట్టు

మర చుట్టు అనగా స్థూపాకారపు కడ్డీ వెలుపల గాని, రంధ్రం లోపలి గోడపైన గాని ఒకే వాలుతో మెలికలు తిరుగుతూ సాగే గట్టు. వర్క్‌షాపులలో దీనిని థ్రెడ్ అనే పిలుస్తారు. బోల్టు, నట్టు, మరమేకు, నీటి గొట్టాల జాయింట్లు, సీసా మూతలు, స్క్రూగేజి, మర జాకీ మొదలైనవన్నీ దీనిపైనే ఆధారపడి పనిచేస్తాయి. రెండు భాగాలు ఒకదానిలో ఒకటి సరిగా బిగియాలంటే వాటి వ్యాసం ఒక్కటి సరిపోతే చాలదు. పిచ్, చుట్టు కోణం, తిరిగే దిశ, ఏటవాలు కూడా సరిపోవలెను. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి తప్పినా జాయింటు బిగిసినట్లే కనిపించి బరువు మోయలేకపోవచ్చును. చిత్తూరు, తిరుపతి జిల్లాలలో వందల అడుగుల లోతున్న బోరుబావులలో మోటార్లను మోసేది చాలావరకు మర జాయింట్లే కనుక, ఈ ప్రాంతపు రైతులకు, మెకానిక్కులకు ఇది నిత్యం అవసరమయ్యే విషయం.

## మౌలిక భావన

మర చుట్టు నిజానికి కడ్డీకి చుట్టిన వాలుతలం. ఈ సంగతిని విద్యార్థులు ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చును. ఒక కాగితాన్ని లంబకోణ త్రిభుజాకారంలో కత్తిరించి, నిట్టనిలువు అంచును పెన్సిలుకు ఆనించి చుట్టితే, కాగితపు వాలు అంచు పెన్సిలు చుట్టూ మర వలె మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. త్రిభుజం ఎంత ఏటవాలుగా ఉంటే చుట్లు అంత దూరం దూరంగా పడతాయి. వాలు తక్కువైతే చుట్లు దగ్గర దగ్గరగా పడతాయి.

కొండ ఎక్కే దారిని మెలికలు తిప్పి నిర్మించినప్పుడు దూరం పెరిగి శ్రమ తగ్గినట్లే, మరలో కూడా చేతితో ఎక్కువ దూరం తిప్పి, కొద్ది దూరం మాత్రమే ముందుకు జరిపి, దానికి బదులుగా ఎక్కువ బలాన్ని పొందుతాము. అందుచేతనే మరను సరళ యంత్రాలలో ఒకటిగా లెక్కిస్తారు.

తిప్పి వదిలిన నట్టు తనంతట తాను వెనుకకు తిరగకపోవడానికి కారణం ఘర్షణ. 10 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. పిచ్ గల బోల్టులో చుట్టు వాలు సుమారు 3 డిగ్రీలు మాత్రమే. ఇంత తక్కువ వాలుపై ఇనుము మీద ఇనుము జారదు. అయితే అదేపనిగా అదురుతూ ఉండే యంత్రాలలో ఈ ఘర్షణ క్షణక్షణం సడలుతుంది కనుక లాక్ నట్టు, స్ప్రింగ్ వాషరు వంటివి వాడుతారు.

## పరిభాష

* బయటి మర: బోల్టు మీద, గొట్టం చివర వెలుపల ఉండే మర.
* లోపలి మర: నట్టు, సాకెట్ వంటి వాటి లోపల ఉండే మర.
* శిఖరం: గట్టు పైభాగం.
* మూలం: రెండు గట్ల మధ్య గాడి అడుగు.
* పార్శ్వం: శిఖరానికి, మూలానికి మధ్యనున్న వాలు గోడ. బరువు మోసేది ఇదే.
* ప్రధాన వ్యాసం: బయటి మరలో శిఖరం నుండి ఎదుటి శిఖరానికి గల కొలత. బోల్టును ఈ కొలతతోనే పిలుస్తారు.
* మూల వ్యాసం: గాడి అడుగు నుండి ఎదుటి గాడి అడుగుకు గల కొలత. బోల్టు తెగితే సాధారణంగా ఇక్కడనే తెగుతుంది.
* పిచ్: ఒక శిఖరం నుండి పక్క శిఖరానికి, అక్షానికి సమాంతరంగా కొలిచిన దూరం. దీనిని తెలుగులో మరభ్రమణాంతరం అని కూడా అంటారు.
* లీడు: ఒక పూర్తి భ్రమణంలో మర ముందుకు జరిగే దూరం. ఒకే గాడి ఉన్న మరలో లీడు, పిచ్ సమానం. రెండు గాడులు జంటగా సాగే మరలో లీడు పిచ్‌కు రెట్టింపు.
* చుట్టు కోణం: ఎదురెదురు పార్శ్వాల మధ్య కోణం. మెట్రిక్ మరలో 60 డిగ్రీలు, విట్‌వర్త్ మరలో 55 డిగ్రీలు.

## పిచ్ తెలిపే రెండు పద్ధతులు

మెట్రిక్ పద్ధతిలో పిచ్‌ను నేరుగా మిల్లీమీటర్లలో చెబుతారు. ఎం10×1.5 అంటే 10 మి.మీ. ప్రధాన వ్యాసం, 1.5 మి.మీ. పిచ్. వెనుక ఉన్న అంకె లేకుండా ఎం10 అని మాత్రమే రాస్తే ముతక పిచ్ అని అర్థం చేసుకోవలెను.

అంగుళాల పద్ధతిలో పిచ్‌కు బదులు ఒక అంగుళం పొడవులో ఎన్ని చుట్లు ఉన్నాయో చెబుతారు. ఒకదానినుండి మరొకదానికి మార్చే సూత్రం తేలిక:

పిచ్ (మి.మీ.) = 25.4 ÷ అంగుళానికి చుట్ల సంఖ్య

ఉదాహరణకు అంగుళానికి 20 చుట్లు ఉంటే పిచ్ 1.27 మి.మీ.; 14 చుట్లు ఉంటే 1.814 మి.మీ.; 11 చుట్లు ఉంటే 2.309 మి.మీ. మెట్రిక్‌లో అంకె పెరిగితే చుట్లు ముతక అవుతాయి; అంగుళాల పద్ధతిలో అంకె పెరిగితే సన్నబడతాయి. విద్యార్థులు పొరబడేది తరచుగా ఇక్కడనే.

మన వడ్రంగులు, మేస్త్రీలు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు. మూడు నూళ్ళ బోల్టు అంటే 3/8 అంగుళం, నాలుగు నూళ్ళు అంటే అర అంగుళం. ఈ వాడుక వ్యాసాన్ని మాత్రమే చెబుతుంది, పిచ్‌ను చెప్పదు. దుకాణంలో నూళ్ళ లెక్కన బోల్టు అడిగేటప్పుడు పాత బోల్టును గాని, నట్టును గాని వెంట తీసుకుపోవడం మంచిది.

## చరిత్ర

నీటిని పైకి తోడే మరను క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన ఆర్కిమెడీస్ పేరుతో పిలుస్తారు. ద్రాక్ష, ఆలివ్ పండ్లను పిండే కొయ్య మరలు ప్రాచీన కాలం నుండి ఉన్నవి. అయితే లోహపు మరలను చాలాకాలం చేతితోనే చెక్కేవారు. ఒక నట్టు దాని జత బోల్టుకు తప్ప మరొకదానికి పట్టేది కాదు. యంత్రాన్ని విప్పినప్పుడు ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తు పెట్టుకోవలసి వచ్చేది.

1800 ప్రాంతంలో ఇంగ్లండులో హెన్రీ మాడ్స్‌లే మర కోసే లేతు యంత్రాన్ని మెరుగుపరచి, ఒకే పిచ్ గల మరలను మళ్ళీ మళ్ళీ తయారు చేయడానికి మార్గం ఏర్పరచాడు. ఆయన వద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో, ఒక్కొక్క వ్యాసానికి ఇన్ని చుట్లు ఉండవలెనని నిర్ణయిస్తూ 55 డిగ్రీల కోణం, గుండ్రని శిఖరాలు గల మరను ప్రతిపాదించాడు. అది బ్రిటిష్ కర్మాగారాలలో, రైల్వేలలో వ్యాపించి, అక్కడి నుండి భారతదేశానికి కూడా వచ్చింది.

అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఎదుట 60 డిగ్రీల కోణం, చదునైన శిఖరాలు గల మరను ప్రతిపాదించాడు. 55 డిగ్రీల కంటె 60 డిగ్రీలను కొలవడం, గుండ్రని శిఖరాల కంటె చదును శిఖరాలను చెక్కడం తేలిక అన్నది ఆయన వాదన.

మరలు ఏకరూపంగా లేకపోతే ఎంత నష్టం జరుగుతుందో 1904 ఫిబ్రవరిలో బాల్టిమోర్ నగరంలో జరిగిన అగ్నిప్రమాదం తెలియజేసింది. ఇతర నగరాల నుండి అగ్నిమాపక దళాలు సాయానికి వచ్చినా, వారి నీటి గొట్టాల జాయింట్లలో పెక్కు అక్కడి నీటి కొళాయిల మరలకు పట్టలేదు. 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ విడిభాగాలు పరస్పరం కలవక ఇబ్బంది కలిగినందువల్ల 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా దేశాలు 60 డిగ్రీల యూనిఫైడ్ మరను అంగీకరించాయి. తరువాత అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ మెట్రిక్ మరను ప్రపంచానికి ఉమ్మడి ప్రమాణంగా రూపొందించింది.

భారతదేశంలో 1956 నాటి తూనికలు కొలతల ప్రమాణాల చట్టం ద్వారా మెట్రిక్ పద్ధతిని స్వీకరించి, 1958 అక్టోబరు నుండి దశలవారీగా అమలు చేశారు. 1947లో ఏర్పడిన భారతీయ ప్రమాణాల సంస్థ, 1987 నుండి దాని స్థానంలో ఉన్న భారతీయ ప్రమాణాల బ్యూరో మరలకు ప్రమాణాలు ప్రకటించాయి. మెట్రిక్ మరలకు ఐ.ఎస్. 4218, నీరు కారకుండా మర మీదనే బిగిసే పైపు మరలకు ఐ.ఎస్. 554 వర్తిస్తాయి. ఈ విధంగా మన దేశంలో యంత్రాల బోల్టులు మెట్రిక్‌కు మారినా, నీటి గొట్టాల మరలు మాత్రం విట్‌వర్త్ వంశానికి చెందిన 55 డిగ్రీల మరలుగానే మిగిలాయి.

## మెట్రిక్ మరల సాధారణ కొలతలు

ముతక పిచ్‌లు ఇవి:

* ఎం3 – 0.5 మి.మీ.
* ఎం4 – 0.7 మి.మీ.
* ఎం5 – 0.8 మి.మీ.
* ఎం6 – 1 మి.మీ.
* ఎం8 – 1.25 మి.మీ.
* ఎం10 – 1.5 మి.మీ.
* ఎం12 – 1.75 మి.మీ.
* ఎం16 – 2 మి.మీ.
* ఎం20 – 2.5 మి.మీ.
* ఎం24 – 3 మి.మీ.

ఇవి కాక సన్న పిచ్‌లు కూడా ఉన్నవి. ఎం8×1, ఎం10×1.25, ఎం12×1.25 వంటివి వాహనాలలో ఎక్కువగా కనిపిస్తాయి. స్పార్క్ ప్లగ్గులకు ఎం14×1.25, చాలా చిన్న మోటారు సైకిళ్ళలో ఎం10×1 వాడుకలో ఉన్నవి. సన్న పిచ్ మరలో గాడి లోతు తక్కువ కనుక కడ్డీ మధ్యభాగం కొంత లావుగా మిగిలి బలం పెరుగుతుంది. అదురుకు త్వరగా వదులు కాదు. ముతక మర త్వరగా బిగుస్తుంది, దుమ్ము, తుప్పు, చిన్నపాటి దెబ్బలను తట్టుకుంటుంది. కనుకనే వ్యవసాయ పనిముట్లలో ముతక మరలకే ప్రాధాన్యం.

## పైపు మరలు

అర అంగుళం జి.ఐ. పైపు చివరను కొలిస్తే ఎక్కడా అర అంగుళం కనిపించదు. దాని మర ప్రధాన వ్యాసం 20.955 మి.మీ., అంటే ముప్పావు అంగుళం కంటె కూడా ఎక్కువ. పూర్వం గొట్టం లోపలి బోలును బట్టి పేరు పెట్టడమే దీనికి కారణం. తరువాత గోడ మందం మారినా, మరలు కలవడం కోసం వెలుపలి వ్యాసాన్ని మార్చకుండా ఉంచి పాత పేరునే కొనసాగించారు.

బ్రిటిష్ ప్రమాణపు పైపు మరల కొలతలు:

* 1/4 అంగుళం – 13.157 మి.మీ., అంగుళానికి 19 చుట్లు
* 3/8 అంగుళం – 16.662 మి.మీ., 19 చుట్లు
* 1/2 అంగుళం – 20.955 మి.మీ., 14 చుట్లు
* 3/4 అంగుళం – 26.441 మి.మీ., 14 చుట్లు
* 1 అంగుళం – 33.249 మి.మీ., 11 చుట్లు
* 1 1/4 అంగుళం – 41.910 మి.మీ., 11 చుట్లు
* 1 1/2 అంగుళం – 47.803 మి.మీ., 11 చుట్లు
* 2 అంగుళాలు – 59.614 మి.మీ., 11 చుట్లు

వీటిలో రెండు రకాలు ఉన్నవి. ఏటవాలు మరలో ప్రతి 16 మి.మీ. పొడవుకు వ్యాసం 1 మి.మీ. చొప్పున పెరుగుతుంది. తిప్పేకొద్దీ ఆప్పు వలె బిగిసి, జనపనార గాని టెఫ్లాన్ టేపు గాని సాయంగా నీటిని ఆపుతుంది. సమాంతర మరలో వ్యాసం మారదు. అక్కడ నీటిని ఆపేది మర కాదు, చివరనున్న రబ్బరు వాషరు. వాషరు ఉండవలసిన చోట ఎంత టేపు చుట్టినా ప్రయోజనం ఉండదు.

అమెరికన్ పైపు మరలో కూడా ఏటవాలు 16కు 1 చొప్పుననే ఉంటుంది గాని కోణం 60 డిగ్రీలు. అర అంగుళం, ముప్పావు అంగుళం కొలతలలో రెండు పద్ధతులకూ 14 చుట్లే కనుక అవి కొంతవరకు ఒకదానిలో ఒకటి ఎక్కుతాయి, కాని కోణం కలవక కారుతూనే ఉంటాయి. అంగుళం నుండి రెండంగుళాల వరకు గల కొలతలలో ఒకదానికి 11 చుట్లు, మరొకదానికి 11.5 చుట్లు కనుక కొద్దిగా ఎక్కి ఆగిపోతాయి. దిగుమతి చేసుకున్న పంపులకు, వాల్వులకు గొట్టం బిగించేటప్పుడు ఈ తేడా చూసుకోవలెను.

గొట్టాలన్నీ మరలతోనే కలుస్తాయనుకోరాదు. శ్రీకాళహస్తి సమీపంలోని రాచగున్నేరిలో తయారయ్యే డక్టైల్ ఇనుప గొట్టాల వంటి పెద్ద గొట్టాలను సాధారణంగా రబ్బరు రింగు అమర్చిన సాకెట్‌లోకి నెట్టి కలుపుతారు. వ్యాసం పెరిగేకొద్దీ మర కోయడం, తిప్పడం కష్టమవుతుంది కనుక పెద్ద కొలతలలో మర స్థానాన్ని ఇటువంటి జాయింట్లు, బోల్టులతో బిగించే ఫ్లాంజిలు ఆక్రమించాయి.

## బోరుబావులలో మర జాయింట్లు

కుప్పం, పలమనేరు వంటి పడమటి ప్రాంతాలలో భూగర్భజలం లోతుకు పోయినందున సబ్‌మెర్సిబుల్ మోటార్లను వందల అడుగుల లోతున దింపవలసి వస్తున్నది. జి.ఐ. గొట్టాలు వాడినచోట మోటారు, పంపు, గొట్టాలు, వాటిలోని నీరు – ఈ బరువంతా మర జాయింట్లే మోయవలెను.

ఒక లెక్క చూద్దాము. రెండంగుళాల మధ్యతరగతి జి.ఐ. గొట్టం మీటరుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. ఒక్కొక్కటి 6 మీటర్ల చొప్పున 200 మీటర్ల లోతుకు 33 లేక 34 గొట్టాలు కావలెను. గొట్టాల బరువే సుమారు 1,000 కిలోలు. లోపలి నీరు మీటరుకు సుమారు 2.2 లీటర్ల చొప్పున మరి 440 కిలోలు. మోటారు బరువు కలిపితే అన్నిటికంటె పై జాయింటు మీద ఇంచుమించు ఒకటిన్నర టన్నుల బరువు పడుతుంది. నీటిలో మునిగిన భాగానికి కొంత తేలిక ఉన్నా, పై జాయింట్లకు భారం ఎక్కువ, కింది జాయింట్లకు తక్కువ అన్నది ముఖ్యం. అందుచేత అరిగిన మర గల గొట్టాన్ని ఎప్పుడూ పైభాగంలో వాడరాదు. అసలు వాడకుండా ఉండుటే మేలు.

మర కోసినచోట గొట్టం ఎంత పలుచనవుతుందో కూడా గమనించవలెను. అంగుళానికి 11 చుట్లు గల పైపు మరలో గాడి లోతు 1.479 మి.మీ. ఐ.ఎస్. 1239 ప్రకారం రెండంగుళాల గొట్టం గోడ మందం తేలిక తరగతిలో 2.9 మి.మీ., మధ్య తరగతిలో 3.6 మి.మీ., బరువు తరగతిలో 4.5 మి.మీ. కనుక మర అడుగున మిగిలే లోహం తేలిక తరగతిలో దాదాపు సగమే. ఈ తరగతులను గొట్టం మీది పసుపు, నీలం, ఎరుపు రంగు పట్టీలు వరుసగా సూచిస్తాయి. పైగా జింకు పూత పూసిన తరువాత మర కోస్తారు కనుక ఆ భాగంలో పూత తొలగి, తుప్పు అక్కడనే ముందుగా మొదలవుతుంది.

మోటారు బయలుదేరిన ప్రతిసారీ, ఆగిన ప్రతిసారీ గొట్టాల వరుసకు మెలితిప్పు తగులుతుంది. సరిగా బిగించని జాయింటు దీనివల్ల క్రమంగా వదులు కావచ్చును. జాయింటు ఊడిపోతే మోటారు, గొట్టాలు బోరు అడుగుకు జారిపోతాయి. వాటిని పైకి తీయడం చాలా కష్టం. కొన్నిసార్లు అప్పుచేసి వేయించిన బోరునే వదులుకోవలసి వస్తుంది. సాకెట్‌లోకి చుట్లు పూర్తిగా ఎక్కించుట, మోటారుకు వేరుగా భద్రతా తాడు కట్టుట ఈ నష్టాన్ని నివారించే మార్గాలు.

యు.పి.వి.సి. కాలమ్ పైపులకు చతురస్రాకారపు లేక దానికి దగ్గరగా ఉండే ఆకారపు ముతక మరలు ఉంటాయి. ప్లాస్టిక్ బలం తక్కువ కనుక చుట్టు లావుగా ఉండవలెను. చతురస్రపు చుట్టు పార్శ్వం నిలువుగా ఉండి, లాగుడును సూటిగా తీసుకుని సాకెట్‌ను పగులదీయదు. నీటిని ఆపే పని రబ్బరు రింగుది. ఈ మరలకు జి.ఐ. మరలతో ఎటువంటి సంబంధం లేదు. వేర్వేరు తయారీదారుల గొట్టాలను కలపడం కూడా క్షేమం కాదు.

## చేతిపంపులలో ఏకరూపత

1970ల చివర యునిసెఫ్ సహకారంతో రూపొందిన ఇండియా మార్క్ 2 చేతిపంపు రాయలసీమ గ్రామాలలో సుపరిచితం. దీని నీటి గొట్టాలు 32 మి.మీ. పేరు గల జి.ఐ. పైపులు, అనగా అంగుళంపావు పైపు మర. లోపలి కడ్డీలు 12 మి.మీ. లావు కలిగి ఎం12×1.75 మరతో కలుస్తాయి. ఒకే పంపులో బయటి గొట్టానికి అంగుళాల మర, లోపలి కడ్డీకి మెట్రిక్ మర ఉండటం మన దేశపు మరల చరిత్రకు చక్కని నిదర్శనం. కొలతలు ప్రమాణబద్ధం కావడం వల్లనే ఒక కర్మాగారపు కడ్డీ మరొక కర్మాగారపు పంపులో బిగుస్తుంది, ఎండాకాలంలో పాడైన పంపును ఆ ఊరికి దగ్గరలో దొరికిన విడిభాగాలతోనే బాగుచేయగలుగుతారు.

## దృశ్య పరికరాల గొట్టాలు

కెమెరా, దూరదర్శిని, సూక్ష్మదర్శిని వంటి వాటి కటకాల గొట్టాలకు అదనపు భాగాలు తగిలించడానికి గోడ పలుచన కనుక చాలా సన్న పిచ్ వాడుతారు. కెమెరా కటకం ముందు ఫిల్టరు బిగించే 49, 52, 58, 67, 77 మి.మీ. మరలకు సాధారణంగా 0.75 మి.మీ. పిచ్ ఉంటుంది. ఒకటింబావు అంగుళం దూరదర్శిని కంటికటకానికి బిగించే ఫిల్టరు మర ఎం28.5×0.6. సూక్ష్మదర్శిని వస్తుకటకానికి లండన్‌లోని రాయల్ మైక్రోస్కోపికల్ సొసైటీ 19వ శతాబ్దిలో నిర్ణయించిన 20.32 మి.మీ. వ్యాసం, అంగుళానికి 36 చుట్లు గల మర నేటికీ వాడుకలో ఉన్నది.

వ్యాసం ఒక్కటే చూసి కొంటే ఏమవుతుందో ఇక్కడ ఒక మంచి ఉదాహరణ ఉన్నది. పాత కెమెరాల కటకాలకు ఎం42×1 మర, దూరదర్శినికి కెమెరా తగిలించే టి-అడాప్టరుకు ఎం42×0.75 మర. రెండూ 42 మి.మీ. గలవే. కంటికి తేడా తెలియదు. ఒకదానిలో ఒకటి తిప్పితే ఒకటి రెండు చుట్లు ఎక్కి ఆగుతుంది. బలవంతం చేస్తే అల్యూమినియం చుట్లు చెడిపోయి రెండు భాగాలూ పాడవుతాయి. కెమెరాను ముక్కాలి మీద నిలిపే మర మాత్రం నేటికీ పావు అంగుళం, 20 చుట్లే.

## ఎడమచేతి మర

సాధారణ మరను గడియారపు ముల్లు దిశలో తిప్పితే బిగుస్తుంది. దీనికి వ్యతిరేకంగా బిగిసే దానిని ఎడమచేతి మర అంటారు. మరను నిలువుగా పట్టుకుని చూసినప్పుడు చుట్లు కుడివైపుకు ఎగబాకితే కుడిచేతి మర, ఎడమవైపుకు ఎగబాకితే ఎడమచేతి మర.

* సైకిలు ఎడమ పెడలు: తొక్కుడుకు ఊడిపోకుండా ఎడమచేతి మర ఉంటుంది.
* వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండరుకు కుడిచేతి మర, మండే వాయువైన ఎసిటిలీన్‌కు ఎడమచేతి మర. పొరపాటున ఒకదాని గొట్టాన్ని మరొకదానికి తగిలించకుండా ఇది కాపాడుతుంది. ఇక్కడ మరలు కలవకపోవడమే భద్రత.
* పాతరకం ఐ.సి.ఎఫ్. రైలు పెట్టెలను కలిపే స్క్రూ కప్లింగ్: కడ్డీలో సగం కుడిచేతి మర, సగం ఎడమచేతి మర. మధ్యలో తిప్పితే రెండు కొనలు ఒకేసారి దగ్గరకు వస్తాయి.

## శక్తిని అందించే మరలు

మర జాకీలో, బెంచి వైస్‌లో బలాన్ని పెంచడానికి చతురస్రపు మరను గాని, దానికి దగ్గరి ఆకారాలను గాని వాడుతారు. చిత్తూరు ప్రాంతపు బెల్లం తయారీలో చెరకు గానుగ రోలర్ల మధ్య సందును సరిచేసేది కూడా మరలే.

జాకీ పిడి పొడవు 30 సెం.మీ., మర లీడు 6 మి.మీ. అనుకుంటే, ఒక భ్రమణంలో చేయి తిరిగే దూరం సుమారు 1,885 మి.మీ., బరువు లేచేది 6 మి.మీ. అంటే ఆదర్శ యాంత్రిక లాభం సుమారు 314. ఘర్షణ వల్ల నిజానికి లభించేది ఇందులో కొంత భాగమే. అయితే ఎత్తిన బరువు కిందికి దిగకుండా నిలబెట్టేదీ ఆ ఘర్షణయే.

## కొలత సాధనంగా మర

పాఠశాల ప్రయోగశాలలోని స్క్రూగేజిలో పిచ్ 1 మి.మీ., తల స్కేలుపై 100 విభాగాలు ఉంటే కనీసపు కొలత 0.01 మి.మీ. వర్క్‌షాపు మైక్రోమీటరులో పిచ్ 0.5 మి.మీ., విభాగాలు 50 కనుక అదే ఫలితం వస్తుంది. మర, నట్టుల మధ్య కొద్దిపాటి ఖాళీ వల్ల తిప్పే దిశ మార్చినప్పుడు కలిగే దోషాన్ని బాక్‌లాష్ దోషం అంటారు. ఎల్లప్పుడూ ఒకే దిశలో తిప్పుతూ కొలిస్తే ఇది రాదు.

## తెలియని మరను గుర్తించే విధానం

1. మరను బ్రష్షుతో, కిరోసిన్‌తో శుభ్రపరచవలెను.
2. వెర్నియర్ కాలిపర్స్‌తో శిఖరాల మీద వ్యాసం కొలవవలెను. మొదట్లోను, చివరను కొలిచి తేడా ఉంటే అది ఏటవాలు మర. అరుగుదల వల్ల కొలత ప్రమాణం కంటె 0.1 – 0.3 మి.మీ. తక్కువ రావచ్చును.
3. పిచ్ గేజి రేకులను ఒకదాని తరువాత ఒకటి ఆనించి వెలుతురుకు ఎదురుగా చూడవలెను. సందు కనిపించని రేకు మీది అంకె పిచ్ అవుతుంది.
4. గేజి లేకపోతే మరను కాగితం మీద నొక్కి దొర్లించి, ఆ గీతలలో 11 శిఖరాలను లెక్కించి, మొదటి దానినుండి చివరి దానికి గల దూరాన్ని 10తో భాగించవలెను. 11 శిఖరాల మధ్య ఉండేవి 10 పిచ్‌లు మాత్రమే. 15 మి.మీ. వస్తే పిచ్ 1.5 మి.మీ.
5. చుట్లు ఏ వైపుకు ఎగబాకుతున్నవో చూసి కుడిచేతి మరయో, ఎడమచేతి మరయో నిర్ణయించవలెను.
6. చివరగా జత భాగాన్ని వేళ్ళతో మాత్రమే తిప్పి చూడవలెను. ఏటవాలు మర తప్ప మిగిలినవి చివరి వరకు వేళ్ళతోనే తిరగవలెను.

## బిగిసినట్లు కనిపించే తప్పు జతలు

మూడు నూళ్ళ విట్‌వర్త్ బోల్టును (9.525 మి.మీ., 16 చుట్లు, పిచ్ 1.5875 మి.మీ.) ఎం10 నట్టులో (పిచ్ 1.5 మి.మీ.) పెడితే ఏమవుతుంది? బోల్టు సన్నం కనుక సులువుగా ఎక్కుతుంది. కాని ప్రతి చుట్టుకు 0.0875 మి.మీ. తేడా పేరుకుపోతుంది. రెంటి మధ్య ఖాళీ అక్షం దిశలో సుమారు 0.3 మి.మీ. కనుక మూడు నాలుగు చుట్లు తిరిగేసరికి ఖాళీ అయిపోయి గట్టిగా బిగుస్తుంది. స్పానరు పట్టిన చేతికి మంచి బిగువు వచ్చినట్లే తోస్తుంది. నిజానికి పట్టుకున్నది ఒకటి రెండు చుట్ల అంచులే. బరువు పడగానే అవి కోసుకుపోతాయి.

అర అంగుళం బోల్టులలో విట్‌వర్త్‌కు 12 చుట్లు, అమెరికన్ ముతక మరకు 13 చుట్లు. పావు అంగుళంలో రెండింటికీ 20 చుట్లే గాని కోణం వేరు. పాత బ్రిటిష్ యంత్రాలు, దిగుమతి యంత్రాలు, కొత్త మెట్రిక్ యంత్రాలు ఒకే షాపులోకి వచ్చేచోట బోల్టులను వేర్వేరు డబ్బాలలో ఉంచడం మంచి అలవాటు.

## మర కోయుట

లోపలి మరను టాప్‌తో, బయటి మరను డైతో కోస్తారు. పెద్ద కొలతలకు లేతు యంత్రం వాడుతారు. టాప్ కోసం వేయవలసిన రంధ్రానికి తేలిక సూత్రం: ప్రధాన వ్యాసం నుండి పిచ్‌ను తీసివేయుట. ఎం6కు 5 మి.మీ., ఎం8కు 6.8 మి.మీ., ఎం10కి 8.5 మి.మీ., ఎం12కు 10.2 మి.మీ. రంధ్రం చిన్నదైతే టాప్ విరుగుతుంది, పెద్దదైతే చుట్లకు ఎత్తు చాలదు. అర చుట్టు తిప్పి, పావు చుట్టు వెనుకకు తిప్పి, రజను విరుగనిచ్చి, నూనె వేస్తూ కోయవలెను.

బోల్టు లోపలికి ఎక్కవలసిన పొడవు ఉక్కులో కనీసం దాని వ్యాసమంత, అల్యూమినియంలో ఒకటిన్నర నుండి రెండు రెట్లు ఉండవలెను. అంతకంటె ఎన్ని చుట్లు పెంచినా బలం పెద్దగా పెరగదు. నట్టు ఆనుకున్న వైపునుండి మొదటి చుట్టు ఒక్కటే బరువులో సుమారు మూడో వంతు మోయడమే దీనికి కారణం.

## జాగ్రత్తలు

* మొదటి రెండు చుట్లు ఎప్పుడూ చేతితోనే తిప్పవలెను. బిగువు తగిలితే వెనుకకు తీసి చూడవలెను.
* మర వంకరగా ఎక్కినట్లయితే ముందు వెనుకకు తిప్పి, చుట్టు కొన జారిన చప్పుడు వచ్చిన తరువాత ముందుకు తిప్పవలెను.
* టెఫ్లాన్ టేపును మర బిగిసే దిశలోనే చుట్టవలెను.
* ఆక్సిజన్ జాయింట్లకు నూనె, గ్రీజు ఎంతమాత్రం తగలరాదు. మంట పుట్టే ప్రమాదం ఉన్నది.
* చుట్లు కోసుకుపోయిన బోల్టు, సాకెట్‌లను బరువు మోసే చోట మళ్ళీ వాడరాదు.

## ఇవి కూడా చూడండి

* సరళ యంత్రాలు
* వాలుతలం
* స్క్రూగేజి
* లేతు యంత్రం
* బోరుబావి
* చేతిపంపు
* భారతీయ ప్రమాణాల బ్యూరో